కొండ గొంతులో ఏం నాటావు?

మూడేళ్ళుగా తమ్ముడి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ శనివారం మధ్యాహ్నం, బస్సు సొంతూరు ఇలొకూటా స్టాండులోకి తిరుగుతుండగా రోంకే చేతిలో ఫోను గిర్రుమంది. తెర మీద దురో పేరు.

గబగబా తెరిచి చదివింది.

"బండ విరిగి పడింది. పిల్లలు నా దగ్గరే. నా కాలు ఇరుక్కుంది. ఒకో మొదట్లో ఉన్నాం. నీళ్ళు పెరుగుతున్నాయి. ఫోను పోతోంది."

వెంటనే చేసింది. మోగలేదు. మళ్ళీ చేసింది. ఆ ఫోను అందుబాటులో లేదని ఒక ఆడగొంతు చల్లగా చెప్పింది.

బస్సు పూర్తిగా ఆగకముందే కిందికి దూకింది.

స్టాండు రేకుల కింద అయాన్‌లెరే నిలబడి ఉన్నాడు. చంకలో తోలు డోలు, దానికి వాన తగలకుండా నైలాను కాగితం చుట్టి ఉంది. పేరు అయాన్‌తో మొదలయ్యే వాళ్ళంతా డోలు వాయించేవాళ్ళే. చిన్నప్పుడు రోంకే, దురో, అయాన్ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. అక్కా తమ్ముళ్ళని మళ్ళీ కలపాలని బడిలో పుస్తకాల పండగకి ఆమెని పిలిపించింది కూడా అతనే.

"రా తల్లీ రా! ఇబాడాన్ అచ్చాఫీసు మహారాణి వేంచేశారహో! డోలు కొట్టమంటావా, కాళ్ళకి మొక్కమంటావా?"

"నోరుముయ్యి అయాన్. ఇది చూడు."

అయాన్ చదివాడు. మొహంలో నవ్వు ఆరిపోయింది.

"పొద్దున్నే బడి పిల్లల్ని తీసుకుని కొండెక్కాడు. ఏటా ఎక్కిస్తాడుగా, కథలో చోట్లన్నీ చూపిస్తానని. అప్పుడు ఎండే కాసింది. తర్వాత చూడు, కుండపోత..." అతను మళ్ళీ ఫోను వైపు చూశాడు. "ఒకో మొదట్లో అంటున్నాడు. ఏ ఒకో?"

"అదే నాకూ తెలియాలి."

యొరూబా వాళ్ళ మాట సగం పాట. ఫోన్లో కొడితే అక్షరాలు ఒకటే, గొంతు ఎక్కడ లేపారు, ఎక్కడ దించారు అన్నదాన్నిబట్టి అర్థం మారిపోతుంది. ఒకో అన్న మాటని గొంతు కదపకుండా సమంగా పలికితే పొలం. రెండో అక్షరం దగ్గర లేపితే పార. రెండో అక్షరం దగ్గర దించితే బండి, నీళ్ళ మీదైతే పడవ. రెండు అక్షరాలూ దించి పలికితే బల్లెం. మంచి అచ్చులో అయితే అక్షరాల నెత్తిన చిన్న గీతలు పెట్టి స్వరం చూపిస్తారు. ఫోన్లో ఎవడు పెడతాడు? కాలు బండ కింద ఉన్నవాడు అసలే పెట్టడు.

అయాన్ మోటారుసైకిలు తీశాడు. రోంకే వెనక ఎక్కి డోలుని ఒళ్ళో పెట్టుకుంది.

*

కొండ మొదట్లో ఊరు సగం పోగై ఉంది. పిల్లల తల్లులు ముసురులో తడుస్తూ మంచు కప్పేసిన కొండకేసి చూస్తున్నారు. కుర్ర పోలీసొకడు, పెద్ద తాడు భుజాన వేసుకున్న కోకో తోటల కుర్రాళ్ళు, కొంచెం ఎడంగా తుపాకులూ తాయెత్తులతో వేటగాళ్ళు. ఎటు వెళ్ళాలో ఎవరికీ తెలీదు. కొండ చిన్నదేం కాదు.

"మా తమ్ముడు సందేశం పంపాడు!" అని రోంకే అరిచింది.

అరవడమే పొరపాటైంది. పోలీసు కుర్రాడు ఫోను లాక్కుని, అందరికీ వినపడేలా గట్టిగా చదివేశాడు. కళ్ళతో చదివినంతసేపూ ఆ మాట ఏదైనా కావచ్చు. నోటితో చదవాలంటే ఒక స్వరం ఎంచుకోక తప్పదు. వాడికి నోటికొచ్చిన స్వరం, సమంగా ఉండేది.

"పొలం మొదట్లో ఉన్నారంట!"

"మా తోట వైపే! వాగు పక్కన!" తోటల కుర్రాళ్ళు తాడుతో సహా పడమటికి పరుగు తీశారు. తల్లులు వాళ్ళ వెనక పరిగెత్తారు.

"ఆగండి! పొలం అని ఎవరు చెప్పారు? ఆగండయ్యా!"

ఎవరాగుతారు? వానలో ఆ కేక ఎవరి చెవికీ ఎక్కలేదు. చూస్తుండగానే ఊళ్ళో ఉన్న రెండు పొడుగు తాళ్ళలో ఒకటి తప్పుదారి పట్టి వెళ్ళిపోయింది.

మిగిలింది వేటగాళ్ళు. వాళ్ళ పెద్ద ఒదెవాలే ఇంకా చుట్ట నములుతూ రాయి మీదే కూర్చున్నాడు. రెండో తాడు అతని కాళ్ళ దగ్గర చుట్టగా ఉంది.

"పొలం కాదంటావా అమ్మాయ్?"

"కాదు బాబా. పొలంలో బండ ఎక్కడిది విరిగి పడడానికి? వాడు రాసింది నాకు. మేం చిన్నప్పుడు కొండ మీద చోట్లకి పేర్లు పెట్టుకున్నాం. పుస్తకంలోంచి."

"పుస్తకంలోంచా!" ఒదెవాలే చుట్ట ఉమ్మేశాడు. "మా తాతలు పెట్టిన పేర్లు చాల్లేదు కాబోలు మీకు. సరే, దారిలో చెప్పు. నడు."

*

ఆ పుస్తకం పేరు 'కొండ మింగిన ఊరు'.

బడి అలమరలో ఒకే ఒక్క ప్రతి ఉండేది. అట్ట లేదు, చివర్లు చెదలు తిన్నాయి. చవక అచ్చు కాబట్టి ఒక్క అక్షరం నెత్తినా స్వరం గీత లేదు. భోజనాల గంటలో రోంకే పైకి చదివేది, దురో పేజీలు తిప్పేవాడు, అయాన్ బల్ల మీద వేళ్ళతో దరువేసేవాడు.

కమ్మరి కూతురు అబెనీ బొగ్గులమ్మడానికి సంతకి వెళ్ళి వచ్చేసరికి ఊరు ఉండదు. ఆకలేసి కొండ మింగేసి ఉంటుంది. నుదుటి మీద గడ్డి మొలిచిన ద్వారపాలకుణ్ణి దాటుకుని, అబెనీ కొండ నోట్లోంచి లోపలికి దిగుతుంది. లోపల ఊరంతా బతికే ఉంటుంది, అరిగేదాకా. వాళ్ళని వెంటబెట్టుకుని వస్తుంటే కొండ గొంతు మూసుకోబోతుంది. అప్పుడు అబెనీ తన తండ్రి చేసిన ఒకో తీసి ఆ గొంతులో నిలువునా నాటుతుంది. కొండ నోరు మూయలేకపోతుంది. ఊరు ఊరంతా ఆ సందులోంచి వెలుతురులోకి నడుస్తుంది.

నలభై దాటినా ఆ కథ రోంకేని వదల్లేదు. ఇప్పటికీ ఏ గుహలోకి వెళ్ళాల్సి వచ్చినా గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి గాలి చూస్తుంది. చల్లగా వస్తే కొండ నిద్రపోతోంది. వెచ్చగా వస్తే ఆకలి మీదుంది. ఇది చూసి తోటివాళ్ళు నవ్వితే తనూ నవ్వేస్తుంది కానీ, ఆగడం మాత్రం మానదు.

ఇంతకీ ఆ ఒకో ఏమిటి?

"బల్లెం" అనేది రోంకే. "రాక్షసి లాంటి కొండని పారతో ఎవరు ఆపుతారు?"

"పార" అనేవాడు దురో. "కమ్మరి చేసేది పారలే. పైగా ఎవర్నీ చంపలేదు కదా అబెనీ. నాటింది. నాటేవాళ్ళకి కావలసింది పార."

"పడవ" అనేవాడు అయాన్.

"కమ్మరి పడవ చేస్తాడట్రా!"

"మంచి కమ్మరైతే చేస్తాడు."

కొండెక్కి ఆడుకునేటప్పుడు ఆ తగవు రాళ్ళకి కూడా పాకింది. గడ్డి మొలిచిన చదును బండ ద్వారపాలకుడి నుదురు. అక్కడ దారి చీలుతుంది. కుడివైపు లోయలో నిటారుగా నిలబడ్డ రాయికి రోంకే బల్లెం అని పేరు పెట్టింది. ఎడమవైపు లోయలో మెడ వంచినట్టుండే రాయికి దురో పార అని పెట్టాడు. ఇద్దరూ తనదే అసలు ఒకో అని కొట్టుకునేవాళ్ళు. అయాన్ పడవలాంటి రాయి కోసం ఏళ్ళ తరబడి వెతికాడు, దొరకలేదు.

మూడేళ్ళ కిందట ఇబాడాన్లో రోంకే పనిచేసే అచ్చాఫీసు ఆ పుస్తకాన్ని మళ్ళీ వేసింది, ఈసారి స్వరాల గీతలతో. గీతలు పెట్టే పని అక్కా తమ్ముళ్ళిద్దరూ కలిసి మొదలుపెట్టారు. ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయారు. దాన్ని గీతలు లేకుండా వదిలెయ్యమన్నాడు దురో, ఏ పిల్ల ఎలా చదువుకుంటే అలా చదువుకోనీ అని. "పల్లెటూరి పంతులువి, అచ్చు సంగతి నీకేం తెలుసు" అంది రోంకే. అని ఊరుకోలేదు. అతన్ని అడక్కుండా బల్లెం గీతలు పెట్టి వేసేసింది.

పుస్తకాలు బడికి చేరిన రోజున దురో తెల్లరంగు సీసా తెచ్చుకుని, ప్రతి పుస్తకంలోనూ ఆ రెండు గీతలూ చెరిపేశాడట. ఆ తర్వాత ఫోను చెయ్యలేదు. ఆమె కూడా చెయ్యలేదు.

*

ద్వారపాలకుడి నుదుటి మీదికి చేరేసరికి ఊపిరి అందడం లేదు. వాన సన్నబడింది కానీ కిందినుంచి నీళ్ళ హోరు పైకి వస్తోంది, రెండు వైపుల నుంచీ. మంచు మూలంగా ఏ లోయా కనిపించడం లేదు.

దురో అని గొంతు చిరిగేలా పిలిచింది. హోరులో ఆ పిలుపు నాలుగడుగులు కూడా దాటలేదు.

ఒదెవాలే తాడు దించాడు. "ఎడమ పక్క మేక మెడ, కుడి పక్క ముసలమ్మ పన్ను. మీ పుస్తకం పేర్లు మాకు తెలీవు. ఎటు?"

"ఎడమకి. పార దగ్గరికి."

"గట్టిగా చెప్తున్నావా? ఒకటే తాడుంది. ఎడమకి దిగి, అక్కడ లేరని తేలి, మళ్ళీ ఎక్కి కుడివైపు దిగేసరికి ఆ లోయ నిండిపోతుంది. పిల్లలమ్మా."

"వాడు నా తమ్ముడు బాబా. పదేళ్ళప్పటి నుంచీ పార అనే అంటున్నాడు. పార కోసం నాతో మాటలు మానేశాడు. చచ్చినా బల్లెం అనడు."

చచ్చినా అన్న మాట నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకుంది. అమ్మకి దురోకి ముందు ఇద్దరు బిడ్డలు పోయారు. అందుకే వాడికి దురోజయే అని పేరు పెట్టింది. ఉండిపో, బతుకు చూడు అని. అమ్మ పిలిచిన ప్రతిసారీ అది పేరులా ఉండేది కాదు, బతిమాలినట్టుండేది.

వేటగాళ్ళు ఎడమకి తిరిగారు. అయాన్ కదల్లేదు.

"ఎందుకు ఊహిస్తావే? వాణ్ణే అడుగుదాం."

"ఫోను పోయింది కదరా!"

"నా డోలు పోలేదుగా." అయాన్ నైలాను కాగితం విప్పుతున్నాడు. "నీ గొంతు వెళ్ళని చోటికి ఇది వెళ్తుంది. వాడి ఈల గుర్తుందా? వేళ్ళు నోట్లో పెట్టి వేస్తే పక్కూళ్ళో కుక్కలు లేచేవి."

రోంకే బుర్రలో మెరుపు మెరిసింది. డోలుకి అక్షరాలు లేవు, స్వరాలే ఉన్నాయి. ఈల కూడా అంతే. ఫోనులో అక్షరాలు మాత్రమే వచ్చాయి. స్వరాలు ఇంకా లోయలోనే ఉండిపోయాయి.

"ఏం అడుగుతావు? ఎక్కడున్నారని ఊరికే కొడితే వాడికి అర్థమవుతుందా?"

"ఊరికే ఎందుకు కొడతాను? కథలో ద్వారపాలకుడు అడిగే మాట కొడతాను. ఏటా పండగనాడు నేను కొట్టేదేగా, అడుగెయ్యడం వచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు." అతను ఆకాశం వంక చూశాడు. "కానీ ఒక సంగతి. తోలు తడిస్తే సాగిపోతుంది. సాగితే ఎత్తూ పల్లం ఒకటే మోత. ఒకటి రెండు సార్ల కంటే ఎక్కువ పలకదు. గొడుగు పట్టండి."

గొడుగు ఎవరి దగ్గరుంది? ఒదెవాలే తన గోనె కండువా విప్పి నలుగురు వేటగాళ్ళ చేతికిచ్చాడు. వాళ్ళు డోలు మీద పందిరిలా పట్టారు. అయాన్ డోలుని చంకలో బిగించి, వంకర పుల్ల ఎత్తాడు.

డోలు పలికింది. లేస్తూ, దిగుతూ, అచ్చం మనిషి అడిగినట్టు.

'కొండ గొంతులో ఏం నాటావు, కమ్మరి కూతురా?'

నీళ్ళ హోరు. చినుకుల చప్పుడు. ఇంకేం లేదు.

తర్వాత ఎక్కడి నుంచో సన్నగా ఈల.

"బతికున్నాడు!" అని రోంకే అరవబోయింది. ఒదెవాలే ఆమె నోరు మూసేశాడు. సరిగ్గా అప్పుడే ఉరిమింది. ఉరుము ఆగేసరికి ఈల చివరి ముక్క మాత్రమే చెవిన పడింది. కథలో జవాబు 'ఒకో, మా నాన్నది'. అందులో 'మా నాన్నది' అనే ముక్క. దానికి ముందున్న మాటని ఉరుము మింగేసింది.

"ఎటు నుంచి వచ్చింది?" అని పోలీసు కుర్రాడు అడిగాడు. వాడు సిగ్గుపడి వీళ్ళ వెంటే వచ్చేశాడు.

"రెండు వైపుల నుంచీ వస్తుంది నాయనా. రాతి గోడలు. కొండలో శబ్దానికి దిక్కుండదు," అన్నాడు ఒదెవాలే.

అయాన్ తోలుని అరచేత్తో తడిమాడు. మొహం మాడిపోయింది. "సాగుతోంది. ఇంకొక్కసారి. అంతే."

"ఆగు," అంది రోంకే. "వాడు కథలో జవాబే చెప్పేస్తే? మనం అడిగిన ప్రశ్న కథలోదేగా. ఎక్కడున్నాడో చెప్తున్నాడని మనకెలా తెలుస్తుంది?"

అయాన్ ఆమె వైపు చూశాడు. "కథలో జవాబైతే వాడు ఏం వేస్తాడు?"

"పార. ఇంకోటి వెయ్యడు."

"అయితే విని చూడు."

డోలు రెండోసారి అడిగింది. ఈసారి గొంతు బొంగురుపోయిన ముసలివాడిలా అడిగింది, 'కమ్మరి కూతురా' అన్న చోట పైకి లేవలేక కూలబడింది. తోలు పని అయిపోయింది.

రోంకే కళ్ళు మూసుకుంది.

ఈల వచ్చింది. మెల్లగా, విడివిడిగా, తెలివితక్కువ పిల్లకి పాఠం చెప్పినట్టు. చివర్న నాన్నది అన్న మాట స్పష్టంగా ఉంది. ఆ మాట కిందినుంచి పైకి లేచింది కాబట్టి దాన్ని కొలతగా పట్టుకోవచ్చు. దానికి ముందు రెండు ముక్కలు. మొదటిది కింద.

రెండోది కూడా కిందే.

బల్లెం.

కథకి జవాబైతే దురో ఈ జన్మలో ఆ స్వరం వెయ్యడు. వేశాడంటే అది కథ కాదు. అది చోటు.

"కుడికి!" అని అరిచింది. "బాబా, కుడికి! ముసలమ్మ పన్ను!"

"ఇందాకేగా ఎడమకన్నావు?"

"ఇందాక నేను చెప్పాను. ఇప్పుడు వాడు చెప్పాడు!"

*

లోయ అంచున తాడుని పెద్ద చెట్టుకి కట్టారు. ఒదెవాలే ముందు దిగాడు. రోంకే రెండో మనిషి. వద్దన్నవాళ్ళ మాట వినిపించుకోలేదు.

అంచు మీద కాలు పెట్టేముందు అలవాటుగా ఆగింది. కిందినుంచి గాలి మొహానికి తగిలింది.

చల్లగా ఉంది.

"నిద్రపోతోంది," అని గొణిగి, దిగింది.

సగం దిగేసరికి మంచు విచ్చుకుంది. బల్లెం రాయి నిటారుగా, చిన్నప్పుడు చూసినదానికంటే పొట్టిగా, నీళ్ళ మధ్యలో నిలబడి ఉంది. దాని మొదట్లో అరుగులాంటి బండ. దాని మీద పిల్లలు ఒకరి నడుము ఒకరు పట్టుకుని బల్లుల్లా రాతికి అతుక్కుని ఉన్నారు. ఎర్రమట్టి నీళ్ళు వాళ్ళ మోకాళ్ళ దాకా వచ్చాయి. వాళ్ళ కింద, ఛాతీ దాకా నీళ్ళలో, దురో. కాలు ఇంకా బండ కిందే.

"పిల్లలు ముందు!" అని అరిచాడు.

"నువ్వు చెప్పాలా!" అని అక్క అరిచింది. మూడేళ్ళ తర్వాత వాళ్ళు అనుకున్న మొదటి మాటలవి.

పైనుంచి వేటగాళ్ళు లాగారు. ఒక్కొక్క పిల్లనీ తాడుకి బిగించడం, భుజం తట్టడం, పైకి పంపడం. మొరెనికే అనే చిన్నపిల్ల సంచి వదలనని మొరాయించింది. అందులో పుస్తకం ఉందట.

"పుస్తకం నేను తెస్తానే! ముందు నువ్వెక్కు!"

"నిజంగా తెస్తావా? ఒట్టా?"

"ఒట్టు!"

అందరికంటే ఆఖరుగా ఆ పిల్ల పైకి వెళ్ళింది. ఆ వెంటనే పై నుంచి వచ్చిన ఒక పెద్ద కొమ్మ అరుగుని ఊడ్చుకుంటూ పోయింది. సంచీ పోయింది. పిల్లలు నిలబడిన చోట నీళ్ళు సుడి తిరిగాయి.

నీళ్ళు దురో గడ్డం దాకా వచ్చాయి. రోంకే, ఒదెవాలే ఇద్దరూ బండకి భుజాలానించి తోశారు. కదల్లేదు. మళ్ళీ తోశారు. వెంట్రుకవాసి కూడా జరగలేదు.

"అక్కా," అన్నాడు దురో, పళ్ళు కొట్టుకుంటుండగా. "చాల్లే. పైకి వెళ్ళు."

"నీ పేరేంట్రా?"

"ఏంటి?"

"అమ్మ పెట్టిన పేరు! చెప్పు!"

"దురోజయే."

"మరి ఉండు! బాబా, ఏదైనా నాటాలి. ఈ బండ కింద ఏదైనా నిలువుగా దూర్చి ఎత్తాలి!"

ఒదెవాలే ఒక్క క్షణం ఆమె మొహం చూశాడు. తర్వాత వీపు మీది పొడుగు నాటు తుపాకీ తీసి, గొట్టాన్ని బండ సందులోకి దించాడు. ఇద్దరూ దాని మీద వేలాడారు. గొట్టం వంగింది. మూలిగింది. బండ ఒక పక్కకి ఒరిగింది, కొంచెమే. దురో కెవ్వున అరిచి కాలు లాక్కున్నాడు.

"మా నాన్నది," అన్నాడు ఒదెవాలే వంగిపోయిన తుపాకీని చూస్తూ. "పోన్లే. పనికొచ్చింది."

*

కొండ కింద టార్పాలిన్ వేశారు. ఆస్పత్రి బండి వాగు దాటి రావాలి, ఆలస్యమవుతుందన్నారు. దురో కాలికి వెదురు బద్దలు కట్టి పడుకోబెట్టారు. ఎవరో వేడి వేడి జొన్న గంజీ, అప్పుడే తీసిన అకారా అనే బొబ్బర్ల గారెలూ తెచ్చారు. కోకో తోటల కుర్రాళ్ళు తాడు మోసుకుంటూ తలొంచుకుని వచ్చి, పిల్లల్ని చూసి, తాడు పారేసి గెంతులేశారు.

రోంకే తమ్ముడి పక్కన కూలబడింది.

"బల్లెం అని ఎందుకు రాశావురా?"

"నీకు పంపుతున్నా కదా. నీ మాటలో రాశాను."

"నేను నీ మాటలో చదివాను. పార అనుకుని ఎడమకి బయల్దేరాను."

దురో ఆమె వైపు చూశాడు. మొహంలో ఏదో కదిలింది. తర్వాత ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది, ఏడుపుకి పక్కింటి నవ్వు. అయాన్ చచ్చిపోయిన డోలుని గంజి పొయ్యి దగ్గర ఆరబెడుతూ తల కొట్టుకున్నాడు.

"ఒకరి మాట ఒకరు ఒప్పుకుని చంపబోయారు కదర్రా పిల్లల్ని! తగువాడుకుంటూ ఉంటేనే నయం."

"అక్కా, ఒక సంగతి," అన్నాడు దురో. "మళ్ళీ అచ్చు వేసినప్పుడు గీతలు పెట్టు. అన్నిటికీ పెట్టు. గీతలు లేకపోతే ఏమవుతుందో చూశాం."

"పెట్టను. ఆ మాటకి మాత్రం పెట్టను. నువ్వన్నదే సరి. వదిలేస్తా."

"పెట్టాలంటున్నానా!"

"పెట్టనంటున్నానా!"

"మొదలైందిరా నాయనా," అన్నాడు అయాన్.

మొరెనికే దుప్పటి చుట్టుకుని వచ్చి రోంకే ముందు నిలబడింది. కళ్ళలో కోర్టు నోటీసు ఉంది.

"పుస్తకం తెస్తానని ఒట్టేశావు."

"అది నీళ్ళలో పోయిందమ్మా."

"మేం చివరిదాకా చదవనేలేదు. కొండ నోరు మూస్తుంటే బండ పడింది. ఇప్పుడెలా?"

రోంకే తమ్ముడి వైపు చూసింది. అతను తల ఊపాడు. పిల్లలు దగ్గరికి జరిగారు. రోంకే కళ్ళు మూసుకుంది. చెదలు తిన్న ఆ పేజీ, దాని మూల మడత, భోజనాల గంటలో కిటికీలోంచి పడే ఎండ, అన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్క అక్షరం పోలేదు.

"కొండ గొంతు మూసుకుంటోంది," అని మొదలుపెట్టింది. "ముందు ముసలివాళ్ళు నడుస్తున్నారు, వెనక పిల్లలు..."

"పిల్లల వెనక మేకలు," అని అందించాడు దురో.

"అబెనీ వెనక్కి తిరిగింది. వీపు మీంచి తీసింది. మా నాన్న చేతులతో చేసింది ఇది, విరగదు అంది. కొండ గొంతులో నిలువునా నాటింది..."

అక్కడ అక్కా తమ్ముడూ ఇద్దరూ ఆగారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నోరు మూసుకున్నారు.

"ఏం నాటింది?" అంది మొరెనికే.

"నువ్వే చెప్పు."

పిల్లలందరూ ఒక్కసారిగా అరిచారు. పార అని, బల్లెం అని, బండి అని, తలొకటి. పోలీసు కుర్రాడు కూడా ఆగలేక పొలం అనేశాడు.

"తుపాకీ," అన్నాడు ఒదెవాలే గంజి తాగుతూ.

మొరెనికే మాత్రం తొణకలేదు.

"పడవ," అంది.

అయాన్‌లెరే పొయ్యి దగ్గర నుంచి లేచి, ఇంకా పూర్తిగా ఆరని డోలు చంకలో పెట్టుకుని, ఆ పిల్ల చుట్టూ చిందేశాడు.